సడ్డకుడికిచ్చిన నాలుగు లక్షలు: అప్పా, పొత్తు పెట్టుబడా?

ప్రశ్న: సార్, నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాను. జీతం చాలక, పక్కన ఇంకో ఆదాయం ఉండాలని 2022 ఉగాదికి మా సడ్డకుడితో కలిసి హాలియాలో టెంట్ హౌస్ పెట్టాను. రెండున్నర లక్షలు అతని ఖాతాకు పంపాను, మా ఆవిడ చైను అమ్మి లక్షన్నర చేతికిచ్చాను. ఇంటి మనిషే కదా అని కాగితం రాసుకోలేదు. నమ్మకానికి అంటూ సంతకం పెట్టిన ఖాళీ ప్రామిసరీ నోటు ఇచ్చాడు. నెలనెలా నా భాగం అని ఒకసారి ఎనిమిది వేలు, పెళ్లిళ్ల కాలంలో ఇరవై రెండు వేలు కూడా పంపాడు. 2023 దసరా నుంచి బంద్. 2024 సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అడిగితే ‘నీ పైసలెప్పుడో ముట్టినయి, నీకూ షాపుకూ సంబంధం లేదు’ అన్నాడు. అక్కచెల్లెళ్లకు మాటల్లేవు, మా అత్త మంచం పట్టింది, నాకు నిద్ర లేదు. తెలిసినవాళ్లు ఆ నోటు మీద 2024 తేదీ వేసి, రెండు రూపాయల వడ్డీతో నింపి కేసు వేయమంటున్నారు. వేయవచ్చా? ఇప్పుడు మా బావమరిదితో బత్తాయి వ్యాపారం మొదలుపెడదామనుకుంటున్నా, అదీ చెప్పండి.

జవాబు: మీరు పంపింది నాలుగు పేజీలు, పైన కుదించి వేశాను. అందులో మూడు పేజీలు అక్కచెల్లెళ్ల గొడవ, అత్తగారి ఆరోగ్యం. వాటి గురించి నేను ఒక్క మాటా రాయను, కోర్టు కూడా అడగదు. మీ కేసు మొత్తం ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది, అది మీరు అసలు అడగనే లేదు: ఆ నాలుగు లక్షలు అప్పుగా ఇచ్చారా, పొత్తులో పెట్టుబడిగా పెట్టారా?

అప్పు అంటారా, అయితే ఇక్కడితో అయిపోయింది. చేబదులు ఇచ్చిన సొమ్ము వసూలుకు దావా వేయడానికి ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లే గడువు, అంటే 2025 ఏప్రిల్‌తోనే దాటిపోయింది. మధ్యలో డబ్బులు పంపాడు కదా, గడువు మళ్లీ మొదటి నుంచి లెక్క కాదా అని మీకు అనిపించవచ్చు. కాదు. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం గడువు పెరగాలంటే బాకీ ఉన్నానని గడువు లోపల సంతకంతో రాసి ఇవ్వాలి, లేదా కట్టిన సొమ్ము తాలూకు రాత అతని చేతిరాతలోనో సంతకంతోనో ఉండాలి. ఫోన్‌లో టింగుమని వచ్చిన ఎనిమిది వేలు, అదీ ‘నీ భాగం’ అని పంపింది, అప్పు తీర్చినట్టు కాదు.

మీరు ‘కాగితం లేదు, నా పని అయిపోయింది’ అని ఏడుస్తున్న ఆ నెలనెలా వాటాయే మిమ్మల్ని బతికించేది. ఒక నెల ఎనిమిది, ఒక నెల ఇరవై రెండు... వడ్డీ అలా రాదండీ, వడ్డీ ప్రతి నెలా ఒకే లెక్కన వస్తుంది. ఇది లాభంలో వాటా. అంటే పొత్తు. 1932 భాగస్వామ్య చట్టం పొత్తు కాగితం మీదే ఉండాలని అనదు, నోటిమాటతోనూ ఏర్పడుతుంది. రిజిస్టర్ కాని పొత్తులో ఒక భాగస్వామి ఇంకొకరి మీద దావా వేయడానికి సెక్షన్ 69 అడ్డు గోడ పెట్టింది, నిజమే. కానీ ఆ గోడకే ఒక తలుపు వదిలింది: పొత్తును రద్దు చేయమని, రద్దయిన పొత్తు లెక్కలు తేల్చమని అడిగే దావాకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇంకా ముఖ్యమైన మాట, లెక్కల దావాకు మూడేళ్లు మొదలయ్యేది డబ్బు ఇచ్చిన రోజు నుంచి కాదు, పొత్తు రద్దయిన రోజు నుంచి.

మరి ఎప్పుడు రద్దయింది? గడువు మాట్లాడుకోని పొత్తును భాగస్వామి ఎవరైనా రాతపూర్వక నోటీసుతో రద్దు చేయవచ్చు. సంక్రాంతికి మీ సడ్డకుడు అన్నది రాత కాదు, నోటిమాట. అయినా అవతలి వకీలు ‘ఆ రోజే తెగిపోయింది’ అని వాదించకుండా ఊరుకోడు. ఆ వాదనే నిలబడినా మీకు 2027 సంక్రాంతి దాకా ఉంది. అందుకే అంతదాకా కూర్చోకండి అని చెప్పేది.

ఇప్పుడు తిట్టాల్సింది తిట్టాలి. మిల్లులో బస్తా బస్తాకూ తరుగు ఎంత, హమాలీ ఎంత అని లెక్క రాసే మనిషివి, సొంత నాలుగు లక్షలకు ఒక్క పేజీ రాసుకోలేదా? పైగా కొత్త ఫోన్ కొన్నప్పుడు పాత వాట్సాప్ అంతా పోయిందని నాలుగో పేజీలో ఒక మూలన, అదేదో చిన్న సంగతి అన్నట్టు రాశారు. అది మీ కేసులో సగం. మీ ఆవిడ ఫోన్‌లో అతని వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయన్నారు కాబట్టి సరిపోయింది. ఆ ఫోన్ అమ్మకండి, మార్చకండి, పిల్లలకు గేమ్స్‌కు ఇవ్వకండి. స్క్రీన్‌షాట్ ప్రింట్ తీసి కోర్టులో పెడితే చాలనుకోవద్దు. 2023 సాక్ష్య చట్టం, అంటే 2024 జులై 1 నుంచి నడుస్తున్న భారతీయ సాక్ష్య అధినియమ్, సెక్షన్ 63 కింద, ఆ మెసేజ్‌లు ఏ ఫోన్‌లోంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ అడుగుతుంది. అందులో ఒక భాగం మీవాళ్లు, ఒక భాగం నిపుణుడు నింపాలి.

వాటా తీసుకున్నంత మాత్రాన భాగస్వామి అయిపోరని ఆ భాగస్వామ్య చట్టమే అంటుంది. వ్యాపారానికి అప్పిచ్చినవాడు కూడా లాభంలో వాటా తీసుకోవచ్చు. అవతలివాళ్లు సరిగ్గా ఇక్కడే పట్టుకుంటారు. కాబట్టి మీరు షాపులో యజమానిలా పని చేసిన ఆనవాళ్లు కావాలి. ఇద్దరి పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న విజిటింగ్ కార్డు, మీ చేతిరాతతో బుకింగ్‌లు రాసిన రసీదు బుక్కు, బేగంబజార్‌లో గంగాళాలు, గుండిగలు కొన్నప్పుడు మీ పేరున ఇచ్చిన బిల్లు, మీ మాట మీద కుర్చీలు, షామియానా బుక్ చేసుకున్న ఇద్దరు పెళ్లివారు. బ్యాంకుకు వెళ్లి 2022 నుంచి ఇప్పటిదాకా స్టేట్‌మెంట్ బ్యాంకు ధ్రువీకరణతో తీసుకోండి. చైను అమ్మిన దుకాణం రసీదు ఉంటే ఆ లక్షన్నరకు కొంత ఆధారం. లేకపోతే ఆ ముక్క బలహీనమే, ముందే చెప్తున్నా.

ఖాళీ నోటు సంగతికి వద్దాం, మీరు అసలు రాసింది దాని కోసమే కదా. అది నింపడం ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. సంతకం అతనిదని తేలితే సొమ్ము ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది, ఇక తిప్పలన్నీ అతనివి. కానీ తర్వాత బోనులో నిలబడేది మీరు. ‘2024లో ఫలానా తేదీన నాలుగు లక్షలు అప్పిచ్చాను’ అని ప్రమాణం చేసి చెప్పాలి. ఆ నెలలో మీ ఖాతాలో ఎంత ఉంది, ఎక్కడి నుంచి తెచ్చారు, అప్పటికే మాటల్లేని మనిషికి ఎందుకిచ్చారు? మూడు ప్రశ్నలు చాలు. పైగా మీ ఆవిడ ఫోన్‌లోని ‘ఈ నెల నీ భాగం’ మెసేజ్‌లు మీ మీదకే తిరుగుతాయి. కోర్టులో అబద్ధపు సాక్ష్యానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. అన్నిటికన్నా మించి, అప్పు అని ఒక్కసారి ప్రమాణపత్రం వేశారంటే పొత్తు అని మళ్లీ చెప్పడానికి మీకు నోరుండదు. బతికున్న కేసును వదిలేసి చచ్చిన కేసుకు దొంగ తేదీ తగిలించినట్టు. సలహా ఇచ్చిన తెలిసినవాళ్లు ఆ రోజు మీ పక్కన బోనులో ఉండరు.

పోలీస్ స్టేషన్‌లో చీటింగ్ కేసు పెడితే భయపడి ఇస్తాడు అనేది రెండో ఆలోచన, అదీ మీ ఉత్తరంలో ఉంది. పదిహేడు నెలలు వాటా పంపినవాడు మొదటి రోజే మోసం తలపెట్టాడని ఎలా చూపిస్తారు? వదిలేయండి.

చేయాల్సింది ఇది. ఈ నెలలోనే వకీలు ద్వారా నోటీసు ఇప్పించండి. పొత్తు ఫలానా తేదీ నుంచి రద్దు, 2022 ఏప్రిల్ నుంచి లెక్కలు చూపించు, నా వాటా ఇవ్వు అని అందులో స్పష్టంగా ఉండాలి. స్పీడ్ పోస్ట్‌లో, అందినట్టు రుజువుతో పంపాలి. జవాబు రాకపోతే రద్దు, లెక్కల దావా. విలువ మూడు లక్షలు దాటిన పొత్తు తగాదా వాణిజ్య వివాదం కిందికి వస్తుంది, కాబట్టి అత్యవసర ఉత్తర్వు ఏదీ అడగకపోతే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. మీ కుటుంబానికి అదే మంచిదేమో కూడా. సామాను అమ్మేస్తున్నాడని ఆధారం దొరికితే మాత్రం నేరుగా కోర్టుకు వెళ్లి ఆపించవచ్చు. దావా నడిస్తే కోర్టు కమిషనర్‌ను పెట్టి లెక్కలు తీయిస్తుంది, పుస్తకాలు దాచిపెడితే ఆ అనుమానం అతని మీదే పడుతుంది.

‘రెక్కలు ముక్కలు చేసుకుంది నేను, నా జీతం పట్టుకున్నా’ అంటాడు. ముందుగా ఒప్పుకోనిదే భాగస్వామికి జీతం లేదని చట్టం చెప్తుంది. అయితే ఇంకో సంగతి కూడా వినండి: భాగస్వామి అన్నాక నష్టంలోనూ వాటా ఉంటుంది, వేరే మాట లేకపోతే సమానంగా. చిరిగిన షామియానాలు, విరిగిన కుర్చీలు, షాపు బాకీలు పోను మిగిలిందే పంచుతారు. నాలుగు లక్షలకు నాలుగు లక్షలూ వస్తాయని నేను చెప్పలేను. పెద్దమనుషుల్లో కూర్చుంటే కూర్చోండి, కానీ ‘ఇక ఏ లెక్కా లేదు’ అన్న కాగితం మీద డబ్బు చేతికి రాకుండా సంతకం పెట్టకండి.

బత్తాయి వ్యాపారమా? చేసుకోండి, జీతం మీదే బతకాలని ఎవరన్నారు. ముందు పొత్తు పత్రం రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించండి, ఎవరు ఎంత పెట్టారు, ఎవరు ఖాతా నడుపుతారు, విడిపోతే ఎలా అనేవి అందులో ఉండాలి. డబ్బంతా షాపు పేరున ఖాతాలోంచే కదలాలి. బావమరిది నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. మిల్లు యజమాని ఇచ్చిన నియామక పత్రంలో వేరే వ్యాపారం కూడదని ఉందేమో అదీ చూసుకోండి.

వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ఖాళీ నోటును చింపకుండా, దాని మీద పెన్ను పెట్టకుండా, ఉన్నది ఉన్నట్టు కవర్లో పెట్టి తీసుకెళ్లండి.