బార్బెరా రుచి చూడబోయే మేనకోడలికి

చి. స్వాతికి అత్తయ్య ఆశీస్సులు.

శనివారం ఫ్రెండ్స్‌తో కలిసి ఇటలీలోని అస్తి ఊరి దగ్గర బార్బెరా అనే ఎర్ర వైన్ చేసే ఒక చిన్న వైనరీకి వెళ్తున్నావనీ, అక్కడ ఏం మాట్లాడాలో తెలియక టెన్షన్‌గా ఉందనీ రాశావు. టెన్షన్ దేనికే? అది ఒక కుటుంబం నడుపుకునే చోటు. తోటలో కొమ్మలు కత్తిరించిన మనిషే నీ గ్లాసులో వైన్ పోస్తాడు. నువ్వు పండితురాలిలా మాట్లాడాలని అక్కడెవరూ అనుకోరు. (ఈ ఉత్తరం మీ నాన్నకు చూపించక్కర్లేదు.)

నవంబర్ కాబట్టి కోతలు అయిపోయి వాళ్లకు కాస్త తీరిక ఉంటుంది. అయినా ముందు ఫోన్ చేసే వెళ్లండి. కారు నడిపేవాళ్లు తాగకూడదు. ఇటలీలో లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాల్ వరకే హద్దు, లైసెన్స్ వచ్చి మూడేళ్లు నిండనివాళ్లు చుక్క కూడా ముట్టకూడదు. అస్తి దాకా రైల్లో వెళ్లి టాక్సీ మాట్లాడుకుంటే ఈ గొడవే ఉండదు. ఆ రోజు సెంటు మాత్రం పూసుకోకు, వైన్ వాసన నీకే కాదు, పక్కవాళ్లకూ తెలియదు.

అస్తి ఉన్న పీడ్‌మాంట్ ప్రాంతం అనగానే అందరూ బరోలో అనే వైన్ గురించే చెబుతారు. అది నెబ్బియోలో ద్రాక్షతో చేస్తారు. నేరేడు పళ్లు తిన్నట్టు నోరంతా పట్టేస్తుంది, ధర కూడా ఎక్కువే. బార్బెరా అలా కాదు. వగరు తక్కువ, పులుపు ఎక్కువ. అక్కడివాళ్లు రోజూ భోజనంలోకి తాగేది ఇదే. 1986లో కొందరు వ్యాపారులు చౌక వైన్‌లో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిపితే 20 మందికి పైగా చనిపోయారు. అందులో బార్బెరా పేరుతో అమ్మినదీ ఉండడంతో దాని పరువు పోయింది. రొక్కెట్టా తనారో అనే ఊళ్లో జాకొమో బొలోన్యా లాంటి వైన్ చేసేవాళ్లు అప్పటికే మంచి బార్బెరా చేసి చూపించారు కాబట్టి మళ్లీ నిలబడింది. 2008లో బార్బెరా ద'అస్తికి, అంటే అస్తి బార్బెరాకు, ఇటలీలో అన్నిటికన్నా పై గుర్తింపైన డీఓసీజీ వచ్చింది. సీసా మెడ మీద నంబరున్న కాగితపు పట్టీ కనిపిస్తుంది చూడు, అది దానిదే.

ఇక రుచి. గ్లాసును కాడ దగ్గర పట్టుకో. తెల్ల కాగితం మీదికి వంచి రంగు చూడు. కొత్త బార్బెరా అంచున ఊదా రంగు కనిపిస్తుంది. గ్లాసు తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన చూడు. చెర్రీ, ప్లమ్ లాంటి పళ్ల వాసన వస్తే సరే, ఏమీ తట్టకపోతే తట్టలేదని చెప్పెయ్. తర్వాత చిన్న గుక్క తీసుకుని నోట్లో అటూ ఇటూ తిప్పు. బుగ్గల లోపల నీళ్లూరతాయి, పులుపు పనే అది. ఆ పులుపు వెనక పండు రుచి నిలబడుతుందా, లేక పులుపొక్కటే మిగులుతుందా? నేను పట్టించుకునేది అదొక్కటే. ఆ తర్వాత ఉమ్మేయడానికి మొహమాటపడకు, అందుకే గిన్నె పెడతారు. మొదటి గుక్కతో తీర్పు చెప్పకు. వాళ్లు పెట్టిన రొట్టె, చీజ్ తిన్నాక మళ్లీ తాగు. బార్బెరా సంగతి అప్పుడే తెలుస్తుంది.

'సుపీరియోరే' అని రాసుంటే కనీసం ఆరు నెలలు చెక్క పీపాలో ఉంచినట్టు. దానికి ధర ఎక్కువ. నన్నడిగితే మామూలుదే కొను. లేబుల్ మీద 'ఇంబొత్తిల్యాతో ఆల్లోరిజినే' అని ఉంటే పండించినవాళ్లే సీసాకెత్తారని అర్థం. పది యూరోల చుట్టుపక్కల దొరికితే సంతోషంగా రెండు తీసుకో. అంతసేపు కూర్చోబెట్టి పోసినవాళ్ల దగ్గర ఒక్క సీసా కూడా కొనకుండా లేవడం బాగుండదు.

ఇంటికొచ్చాక టమాటా పప్పుతో తాగి చూడు, పులుపుకు పులుపు సరిపోతుంది. ఆవకాయ జోలికి మాత్రం పోవద్దు. ఆల్కహాల్ కారాన్ని ఇంకా మండిస్తుంది. హీటర్ వేసిన గదిలో ఉన్న సీసాను తాగేముందు ఓ ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టు, 16 డిగ్రీల దగ్గర బాగుంటుంది. తెరిచింది మిగిలితే మూత బిగించి మళ్లీ ఫ్రిజ్‌లోనే పెట్టు, రెండు మూడు రోజులకు ఢోకా లేదు.

ఆ ఇంటావిడ బాన్యా కౌదా తినమంటే వద్దనకు. ఆంకొవీ చేపలు, వెల్లుల్లి, ఆలివ్ నూనెలో సన్నసెగ మీద కరిగించి, కూరగాయ ముక్కలు ముంచుకు తినే చలికాలపు వంటకం. బార్బెరాకు అంతకన్నా మంచి జోడీ నాకు తెలియదు. సోమవారం క్లాసులో మాత్రం వెనక బెంచీలో కూర్చో, ఆ వెల్లుల్లి వాసన ఓ పట్టాన వదలదు.

మీ అత్తయ్య