పాత సంచికలకు ఏ సీఎంఎస్?

ప్రశ్న: మా మాసపత్రిక పాత సంచికలన్నీ అనూ ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) ఉన్నాయి. వెబ్‌సైట్‌లో పెట్టడానికి డేటాబేస్‌తో నడిచే సీఎంఎస్ (వెబ్‌సైట్‌లో వ్యాసాలు పెట్టి నిర్వహించే సాఫ్ట్‌వేర్) ఏది మంచిది?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఇద్దరు ముగ్గురు నడిపే పత్రికకు వర్డ్‌ప్రెస్ చాలండీ, డ్రూపల్ బరువవుతుంది. అసలు పనంతా అక్షరాల దగ్గరే. అనూలో ఉన్నదాన్ని ముందు యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతి) మార్చి, ఒత్తులు సరిచూసుకోండి. నేరుగా అతికిస్తే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. వర్డ్‌ప్రెస్ వ్యాసాలను దాచుకునే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ను యూటీఎఫ్8ఎంబీ4 (తెలుగుతో సహా యూనికోడ్ అక్షరాలన్నీ పట్టే అమరిక)లోనే తెరవండి. తెలుగుకు చోటులేని లాటిన్1 అమరికలో పడి ప్రశ్నార్థకాలుగా మారిన తెలుగు మళ్లీ అక్షరాలుగా మారదు.

ఇంకొకటి, చాలామంది గమనించనిది. వర్డ్‌ప్రెస్‌లో వ్యాసం వెబ్ చిరునామాలో శీర్షిక నుంచి వచ్చే భాగానికి 200 అక్షరాలే చోటు. గుణింతపు గుర్తులను కూడా విడిగా లెక్కిస్తే, ఒక్కో తెలుగు గుర్తు అందులో 9 అక్షరాల చోటు తీసుకుంటుంది. ‘ఉదయగిరి చెక్క చెంచాల తయారీ’ అని శీర్షిక పెడితే చిరునామా ‘తయా’ దగ్గరే తెగిపోతుంది. అందుకే ఆ చిరునామాను ఇంగ్లిష్ అక్షరాల్లో మీరే టైప్ చేయండి, ప్రచురించకముందే.