పేరు దాచినవాడి కథ

చిరంజీవికి ఆశీస్సులు.

తండ్రి రుస్తుం చేతిలోనే, ఒకరికొకరు ఎవరో తెలియక, చచ్చిన పారశీక వీరుడి మీద నువ్వు రాసిన కథ ‘సొహ్రాబ్’ చదివాను. వేటాడి అలసిన రుస్తుం నిద్రలో ఉండగా గుర్రం రఖ్ష్‌ను తోలుకుపోయే ఘట్టం బాగుంది. తక్కిన భాగం కోపం తెప్పించింది.

ఏ పాత్ర అడుగుపెట్టినా పేరుకు అర్థం చెబుతావేమిటి? రుస్తుం అనగా మహాబలుడు, అతని భార్య తహ్మీనా అనగా ధీర. పిల్లల పేర్ల పుస్తకం పక్కన పెట్టుకుని రాసినట్టుంది. రుస్తుం పాత రూపం ‘రోద్‌స్తహ్మ్’. అందులోని ‘తహ్మ్’ అంటే బలిమి, శౌర్యం. తహ్మీనా పేరులోనూ, రుస్తుం బిరుదు ‘తహమ్‌తన్’లోనూ ఉన్నది అదే. మొదటి సగం నది అని కొందరు పండితులు, ఎదుగుదల అని కొందరు. ఆ తగాదా వాళ్లకే వదిలేయి.

పారశీక కవి ఫిరదౌసి మహాకావ్యం షానామాలో రుస్తుం పేరు ఎలా పుట్టిందో చూడు. అతని తల్లి రూదాబాకు కాన్పు కష్టమైంది. ఆమె భర్త జాల్, తనను పెంచిన మాయపక్షి సీముర్గ్‌ను దాని ఈక కాల్చి పిలిచాడు. అది చెప్పినట్టే ఆమెకు మద్యం పట్టి, కడుపు కోసి బిడ్డను తీశారు. తెలివి వచ్చాక ఆమె ‘బరస్తమ్’ అంది, అంటే ‘గండం గడిచింది’ అని. బిడ్డ రుస్తుం అయ్యాడు. వ్యుత్పత్తిగా అది నిలవదు. కథగా దానికి సాటి లేదు, ఎందుకంటే అక్కడ పేరు ఒక తల్లి నోట పుట్టింది.

పేరు ఎవరు పలికారు, ఎవరు దాచారు అన్నదే కథకుడికి కావలసింది. నీ చేతిలో ఉన్న కథ అంతా అదే! ఇరాను సేన డేరాలు చూపించి ‘ఇందులో రుస్తుం ఎవరు?’ అని సొహ్రాబ్ అడిగితే, అతనికి బందీగా చిక్కిన ఇరాను వీరుడు హజీర్ బొంకాడు. యుద్ధభూమిలో ‘నువ్వు రుస్తుమేనా?’ అని కొడుకే అడిగితే తండ్రి కాదన్నాడు. కత్తి దిగిన తర్వాత, ‘నా తండ్రి రుస్తుం పగ తీర్చుకుంటాడు’ అని సొహ్రాబ్ అన్నప్పుడు గాని ఆ పేరు బయటపడలేదు. నువ్వు హజీర్‌ను ఒక్క వాక్యంలో దాటేశావు.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. నా తొలి నవలలో కథానాయిక పోలేరమ్మ. ఊళ్లో మశూచి వచ్చిన ఏడు పుట్టిన పిల్ల, మొక్కు పేరు. ఆ పేరు మొరటుగా ఉందని సంపాదకుడొకాయన నన్నడగకుండా ‘మధుమతి’ని చేసి అచ్చువేశాడు. ఇక ఆ మధుమతి ఏటా పోలేరమ్మ గుడికి ఎందుకు పరుగెడుతుందో ఏ పాఠకుడికీ అర్థం కాలేదు. ‘పాత్రచిత్రణలో లోపం’ అని ఒక సమీక్షకుడు నన్నే తిట్టాడు. ఆ రోజుల్లో వారపత్రికల నిండా మధుమతులే, మేడలే, కార్లే. ఇప్పుడు ఆ జబ్బు అర్థాల రూపంలో తిరిగి వచ్చింది.

మనవాళ్లలో చాలామందికి ఫిరదౌసి జాషువా గారి కావ్యం ద్వారానే పరిచయం, గజనీ సుల్తాను మాట తప్పిన కథగా. ఫిరదౌసి పాడిన వీరుల సంగతి తెలిసింది తక్కువ. నీ కథ మీద నాకు ఆశ ఉన్నది అందుకే.

హజీర్ ఘట్టం పూర్తిగా తిరగరాయి. నిజం చెబితే ఈ కుర్రవాడు రుస్తుంను చంపేస్తాడేమో, ఇరానుకు దిక్కులేకుండా పోతుందేమో అని వాడు భయపడ్డాడు. ఆ భయం నాకు కనబడాలి. అర్థాలన్నీ కొట్టేసి పంపు, కాగితానికి ఒకవైపే రాయి. కలం పేరు సంగతి తర్వాత చూద్దాం.