నా మీద నాకే దయ రానప్పుడు మైత్రీ ధ్యానం ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న ఇదీ: "మైత్రీ ధ్యానం చేస్తున్నాను. ముందు నా మీద నాకు దయ ఉండాలంటున్నారు. కళ్లు మూసుకుంటే నేను చేసిన తప్పులే వరసగా గుర్తొస్తున్నాయి. ఇది అందరికీ ఇంతేనా, లోపం నాలోనే ఉందా?"

మైత్రీ ధ్యానం అంటే తనకీ, ఇతరులకీ మేలు కోరుకుంటూ కూర్చునే సాధన. నాకూ అంతే అయింది. మొదటి మూడు నెలలు "నేను సుఖంగా ఉండాలి, నేను క్షేమంగా ఉండాలి" అని అనుకుంటుంటే ఎవరిదో దరఖాస్తు నేను చదివిపెడుతున్నట్టు ఉండేది. చదవడం పూర్తయ్యేలోపే లోపలినుంచి "నీకెందుకు?" అని ఒక గొంతు. ఆ గొంతు ఎవరిదో నాకు చాలాకాలం తెలియలేదు. తెలిసిన రోజు గురించి చెప్తాను. మీ ప్రశ్నకి ఇది నేరుగా జవాబు కాకపోవచ్చు, కానీ నా దగ్గర ఉన్నది ఇదే.

ఉదయం ఆరున్నర. గదిలో కూర్చుని సకల ప్రాణులూ సుఖంగా ఉండాలి అనుకుంటున్నాను. కథ కోసం చెప్పడం లేదు, సరిగ్గా ఆ వాక్యం దగ్గరే ఉన్నాను. తలుపు తోసుకుని అమ్మ వచ్చింది. అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్లు, రెండు చెవులకీ మిషన్లు. వాటిలో వేసే బ్యాటరీ ఎప్పుడైనా చూశారా? అమ్మ వాడేది 312 సైజు. అడ్డంగా ఎనిమిది మిల్లీమీటర్లు కూడా ఉండదు. దానికి గోధుమరంగు స్టిక్కర్ ఒకటి అంటించి ఉంటుంది. అది పీకితే గాలి లోపలికి వెళ్లి బ్యాటరీ పనిచేయడం మొదలుపెడుతుంది. పీకాక ఓ నిమిషం ఆగి మిషన్‌లో పెట్టాలి. అమ్మ గోళ్లకి ఆ స్టిక్కర్ చిక్కదు. చిక్కిన రోజున బ్యాటరీ చేజారుతుంది. వారానికోసారి ఈ తంతు.

"బ్యాటరీ పడిపోయిందిరా" అంది. నేను కళ్లు తెరవలేదు. ధ్యానంలో ఉన్నవాణ్ణి కదా. మళ్లీ అంది. బిగదీసుకుని కూర్చున్నాను. మూడోసారి భుజం మీద చెయ్యి వేసింది. అంతే.

"పది నిమిషాలు కూడా కూర్చోనివ్వవా? నీకు ఎప్పుడూ ఇదే గొడవ!"

ఇంటి బయటికి వినబడేంత గట్టిగా అరిచాను. అమ్మ నా మొహంలోకి చూసింది. నొచ్చుకున్నట్టు లేదు. చెయ్యి చెవి వెనక దొప్పలా పెట్టుకుని, కొంచెం ముందుకి వంగి, "ఏమన్నావురా?" అని అడిగింది.

అప్పుడు చూశాను. ఒక మిషన్ మూత తెరిచి చేతిలో ఉంది. రెండోది ఇంకా పెట్టుకోలేదు. ఆమెకి ఒక్క ముక్క వినబడలేదు. నా నోరు కదలడం మాత్రం చూసింది. బ్యాటరీ ఎక్కడ పడిందో చెప్తున్నాననుకుని, మళ్లీ చెప్పమంటోంది.

అదే మాట ఇంకోసారి అనాలి. నోరు రాలేదు.

మొదటిసారి అరిచినప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రెండోసారి అనాల్సి వచ్చేసరికి ఆ మాట ఎంత ముదనష్టపు మాటో తెలిసింది. లేచి వెళ్లి ఆమె చెవి దగ్గర నోరు పెట్టి "ఏం లేదమ్మా, వెతుకుతా ఉండు" అన్నాను. ఇద్దరం నేల మీద కూర్చున్నాం. అమ్మ అరచేత్తో గచ్చు తడుముతోంది, చీకట్లో వెతికేవాళ్లలా. బ్యాటరీ మంచం కోడు పక్కన దొరికింది. దుమ్ము తుడిచి పెట్టి ఇచ్చాను. "పోనీలే, దొరికింది. నువ్వు కూర్చో" అని వెళ్లిపోయింది.

ఇక్కడితో అయిపోవాలి కదా! అవతలి మనిషి వినలేదు, గాయం లేదు, ఫిర్యాదు లేదు. కానీ నాలుగు రోజులు నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. స్నానం చేస్తుంటే, పడుకుంటే, పని మధ్యలో. "నువ్వొక ధ్యానం చేసేవాడివి! నీకు ఎప్పుడూ ఇదే." ఆ ఆఖరి మాట దగ్గర ఆగిపోయాను. నీకు ఎప్పుడూ ఇదే. అమ్మ మీద అరిచిన మాటే, అదే గొంతు, అదే విసుగు. ఒక్కసారి అరిస్తే అమ్మకి వినబడలేదు. నాలుగు రోజులుగా అది నాకు వినబడుతూనే ఉంది. మూడు నెలలుగా "నీకెందుకు?" అంటున్న గొంతు కూడా ఇదే.

అందుకే ముందు నా మీద దయా, ముందు ఇతరుల మీదా అన్న లెక్క నాకు ఎక్కదు. మనుషులకి తమ కోసం ఒక గొంతు, ఇంట్లోవాళ్ల కోసం ఇంకొకటి ఉంటాయనుకోను. మాటతీరు ఒక్కటే. బయటివాళ్ల దగ్గర దానికి ఇస్త్రీ చేస్తాం, అంతే తేడా. "నేను నామీదే కఠినం, ఇతరుల మీద చాలా మెత్తన" అని చెప్పుకునేవాళ్లు కొందరుంటారు. వాళ్ల ఇంట్లోవాళ్లని అడగండి.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదానికి వస్తాను. మీకు చెప్పినవాళ్లు సంప్రదాయం ప్రకారమే చెప్పారు. అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడు పాళీలో రాసిన విశుద్ధిమగ్గం అనే ధ్యాన గ్రంథంలో మైత్రీ భావన, అంటే ఈ ధ్యానమే, తనతోనే మొదలవుతుంది. కానీ దాని తర్వాతి మాట ఎవరూ చెప్పరు. అక్కడ 'నేను' ఒక ఉదాహరణ మాత్రమే. నాకు సుఖం కావాలనిపించినట్టే అవతలివాడికీ అనిపిస్తుంది అని తెలుసుకోవడానికి. తనమీదే నూరేళ్లు భావన చేస్తూ కూర్చున్నా ధ్యానస్థితి రాదని ఆయనే రాశాడు. అంటే అది గుమ్మం. గుమ్మం దగ్గర కాలు ఇరుక్కుపోయినవాడిని "అక్కడే ఇంకో ఆరు నెలలు నిలబడు, ప్రేమ వస్తుంది" అంటే ఏం ఉపయోగం?

ఆ పుస్తకంలో ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. తన తర్వాత వెంటనే బాగా ఇష్టమైన మనిషిని తీసుకోవద్దంటాడు. వాళ్లకి చిన్న కష్టం వచ్చినా ఏడుపొస్తుంది, ఇంక భావన ఏం సాగుతుంది? గౌరవం ఉన్న గురువులాంటి మనిషిని తీసుకోమంటాడు. ఏ సంబంధమూ లేని మనిషినీ, శత్రువునీ కూడా అప్పుడే వద్దంటాడు. నేను ఇందులో ఒక నియమం తప్పాను, ఏ సంబంధమూ లేని మనిషితోనే మొదలుపెట్టాను. గురువులతో నాకు పడదు. ఒకాయన దగ్గరికి నెల రోజులు వెళ్లాను. పాకంలో ముంచినట్టుండే ఆ గొంతు వింటే దయ మాట అటుంచి చిరాకు వచ్చేది. ఫోన్ యాప్‌లూ అంతే. వేణువు, జలపాతం, మధ్యలో "సభ్యత్వం తీసుకోండి". అనువాదాలు సరేసరి. "నేను భద్రముగా ఉందును గాక" అని ఏ తెలుగువాడు తనతో తాను మాట్లాడుకుంటాడు?

నేను ఎంచుకున్నది రోజూ లిఫ్ట్‌లో కనిపించే ఒకాయన్ని. పేరు తెలియదు. మోచేతికి హెల్మెట్ తగిలించుకుని వస్తాడు. బటన్ అప్పటికే వెలుగుతూ ఉంటుంది, అయినా ఇంకో నాలుగుసార్లు నొక్కుతాడు. అంతకుముందు అది చూస్తే ఒళ్లు మండేది. కూర్చున్నప్పుడు ఆయన్ని గుర్తు తెచ్చుకుని "ఈయన ఈ రోజు ఆలస్యం కాకుండా చేరాలి, ఎవరితోనూ మాట పడకూడదు" అనుకునేవాణ్ణి. అంతే, రోజుకి అయిదారు నిమిషాలు. పెద్ద ప్రేమేమీ పొంగలేదు. మూడో వారంలో ఆయన నాలుగు రోజులు కనబడలేదు. లిఫ్ట్ ఎక్కగానే పక్కకి చూశాను, ఏమయ్యాడో అని. అప్పుడు ఏదో కదిలిందని తెలిసింది. అయిదో రోజు వచ్చాడు, వెలుగుతున్న బటన్ మళ్లీ నొక్కాడు. నాకు నవ్వొచ్చింది. అమ్మ మీద అరవడం తప్పని నాకు ఎప్పుడో తెలిసిపోయింది, అయినా నాలుగు రోజులు అదే బటన్ నొక్కుతూ కూర్చున్నాను కదా! ఆయన మీద వచ్చిన నవ్వు అలా నా మీదికి మళ్లింది. నా మీద నాకు దయ కలగడం అదే మొదటిసారి.

మీకు శత్రువు అనిపించే మనిషి ఎవరైనా ఉంటే తొందరపడొద్దు. కోపం గురించి బుద్ధఘోషుడి పోలిక ఒకటి ఉంది. ఎదుటివాడిని కొట్టడానికి నిప్పుకణికో, మలమో చేత్తో పట్టుకున్నవాడు ముందు తన చెయ్యే కాల్చుకుంటాడు, తనే కంపు కొడతాడు. నిప్పుకణిక అందరూ చెప్తారు, రెండోది మర్యాద కోసం దాచేస్తారు. నాకు మాత్రం రెండోదే సరిగ్గా అతికింది. కోపం ఎంతకీ తగ్గకపోతే ఇంకో ఉపాయం ఉంది: నీకు కోపం ఎవరి మీద, వాడి తలవెంట్రుకల మీదా, గోళ్ల మీదా, పళ్ల మీదా అని విడదీసి అడుక్కోమంటాడు. ఒకరి గోళ్ల మీద ఎంతసేపు కోపంగా ఉండగలం? నాకు ఇది పనిచేసింది.

మైత్రి, కరుణ, ముదిత (ఇతరుల సంతోషానికి సంతోషించడం), ఉపేక్ష (సమభావం) అన్న నాలుగూ బౌద్ధులవా, పతంజలివా అని కొట్టుకునేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. యోగసూత్రాల్లో 1.33 చూడండి, ఆ నాలుగూ అక్కడా ఉన్నాయి, మనసు తేటపడడానికి అని. ఆస్తి తగాదా పెద్దలకి వదిలేయండి.

మీరు ఇంట్లో ఎవరినైనా చూసుకుంటున్నారా? మీ ప్రశ్న చదివితే నాకు అలా అనిపించింది. చూసుకుంటుంటే ఒక మాట. వాళ్ల బాధని మన బాధగా మోయడం వేరు, దయ వేరు. టానియా సింగర్, ఓల్గా క్లిమెకీ అనే మెదడు పరిశోధకులు దీన్నే పరిశీలించారు. ఇతరుల బాధని తమదిగా అనుభవించే సాధన చేసినవాళ్లకి మనసు ఇంకా కుంగింది. ఆ తర్వాత వాళ్లకే మైత్రి, కరుణల సాధన ఇస్తే తేరుకున్నారు. ఇది చదవకముందు కూడా నాకు తెలుసనే అంటాను. అమ్మ చెవుల గురించి రోజంతా కుమిలిపోయిన రోజుల్లోనే నేను ఎక్కువ అరిచాను. మైత్రికి 'దగ్గరి శత్రువు' రాగం, అంటే మమకారం, అంటాడు బుద్ధఘోషుడు. చూడ్డానికి ప్రేమలాగే ఉంటుంది, అందుకే పట్టుబడదు. "మా అమ్మ కాబట్టి నేను చెప్పినట్టు వినాలి" అన్నది అదే.

ఇక మీ అసలు కష్టం, కళ్లు మూసుకుంటే తప్పులు గుర్తురావడం. వస్తాయి. రానివ్వండి. వాటికి ఎదురుగా "నన్ను నేను ప్రేమిస్తున్నాను" అని బోర్డు పెట్టకండి, మనసు నమ్మదు. నేను పెట్టుకున్నది అమ్మ అన్న మాట: పోనీలే. ఇంతకంటే మంచి మంత్రం తెలుగులో లేదు, ఎవరేమన్నా సరే. గ్లాసు పగలగొట్టిన పిల్లాడికి అంటాం, ఆలస్యంగా వచ్చిన చుట్టానికి అంటాం, మనకి మనం ఎప్పుడూ అనుకోం. ఊపిరి వదులుతూ ఒకసారి అనుకుని చూడండి. 'పో' దగ్గర గొంతు వదులవుతుంది. అలా అనుకుంటే తప్పుని వదిలేసినట్టు కాదా అని ఒక మిత్రుడు వాదించాడు. కాదు. అమ్మ పోనీలే అన్నది బ్యాటరీ దొరికాకే, ఇద్దరం నేల మీద కూర్చుని వెతికాకే. వెతక్కుండా అనే పోనీలే వేరే రకం, అది బద్ధకం.

ఎంతసేపు కూర్చోవాలంటారా? నేను పావుగంట దాటను. గంట కూర్చునేవాళ్లు లేచాక ఇంట్లోవాళ్లతో ఎలా మాట్లాడతారో చూశాను, అందుకే. పొద్దున్నే కూర్చోవాలన్న పట్టుదల కూడా వదిలేశాను. ఇప్పుడు ముందు అమ్మ దగ్గరికి వెళ్లి స్టిక్కర్ పీకి, ఒక నిమిషం ఆగి, బ్యాటరీ పెట్టి, "వినబడుతోందా?" అని అడిగి, అప్పుడు వచ్చి కూర్చుంటాను. ఆ ఒక్క నిమిషం ఆగడం కూడా సాధనలో వేసుకుంటున్నాను.

అరవడం మానేశావా అంటే, లేదు. పోయిన వారం ఏదో కాగితం కోసం మళ్లీ గట్టిగానే అన్నాను. అమ్మ చెవి మీద వేలు పెట్టి చూపించింది.

"మెల్లిగా చెప్పరా, మిషన్ పెట్టుకున్నాను."