అగ్రిమెంటు అయింది, రిజిస్ట్రేషన్ కాలేదు: ఈలోగా కొనుగోలుదారుకు ఉండే రక్షణ ఏమిటి?

ప్రశ్న: హైదరాబాదు కూకట్‌పల్లిలో ఒక పాత అపార్ట్‌మెంటులో ఫ్లాటును 68 లక్షల రూపాయలకు కొనడానికి మాట్లాడుకున్నాం. వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకుని, 5 లక్షలు బ్యాంకు ద్వారా అడ్వాన్సు ఇచ్చాం. 90 రోజుల్లో మిగతా సొమ్ము చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలనీ, మేము వెనక్కి తగ్గితే అడ్వాన్సు వదులుకోవాలనీ అందులో ఉంది. యజమానికి ఆ ఫ్లాటు మీద ఇంకా బ్యాంకు అప్పు ఉంది. మాకు గృహరుణం రాకపోతే అడ్వాన్సు పోయినట్లేనా? ఈలోగా ఆయన మరొకరికి అమ్మేస్తే మేమేం చేయగలం?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా ఒక విషయం స్పష్టంగా తెలుసుకోండి. అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఆ ఫ్లాటు మీద మీకు యాజమాన్య హక్కు రాలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 54 ప్రకారం, విక్రయ ఒప్పందం తనంత తానుగా ఆస్తిలో ఏ హక్కునూ కల్పించదు. ఒప్పుకున్న షరతుల మీద ఆ ఫ్లాటును మీ పేర రిజిస్టరు చేయమని యజమానిని అడిగే హక్కు మాత్రం మీకు వచ్చింది. అది చిన్న హక్కేమీ కాదు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత, ఇటువంటి ఒప్పందాలను అమలు చేయించే విషయంలో కోర్టులకు మునుపు ఉన్న విచక్షణ బాగా తగ్గింది. అంతేకాక, మీ తప్పు లేకుండా అమ్మకం ఆగిపోతే, మీరిచ్చిన సొమ్ము మేరకు ఆ ఆస్తి మీదే మీకు చార్జి (ఆ సొమ్మును ఆస్తి నుంచి రాబట్టుకునే హక్కు) ఉంటుందని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 చెబుతోంది.

యజమాని మరొకరికి అమ్మితే, మీ ఒప్పందం సంగతి తెలిసి కొన్నవారి మీద కూడా మీరు దావా వేసి మీ పేర రిజిస్ట్రేషన్ కోరవచ్చు. అయితే, ఏమీ తెలియకుండా, పూర్తి ధర చెల్లించి, నమ్మకంగా కొన్న వ్యక్తి మీద ఈ హక్కు నిలవదు. మీ అగ్రిమెంటులోని బలహీనత ఇక్కడే ఉంది. అది రిజిస్టరు కాలేదు కనుక ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో) కనిపించదు, ఈసీ తీసి చూసిన కొత్త కొనుగోలుదారు తనకేమీ తెలియదని అనగలడు. మన తెలుగు రాష్ట్రాలలో విక్రయ ఒప్పందాన్ని కూడా రిజిస్టరు చేయించాలన్న సవరణ ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ ఉంది. రిజిస్టరు కాని ఒప్పందాన్ని సైతం, దాని అమలు కోరే దావాలో సాక్ష్యంగా తీసుకోవడానికి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 49 వీలు కల్పిస్తోంది. కాకపోతే తక్కువ స్టాంపు మీద రాసినందుకు లోటు సుంకం, జరిమానా కట్టవలసి రావచ్చు. యజమాని ఒప్పుకుంటే అగ్రిమెంటును ఇప్పుడే రిజిస్టరు చేయించుకోండి. ఒప్పుకోకపోతే, ఒప్పందం జరిగిన విషయాన్ని మీ వకీలు ద్వారా దినపత్రికలో ప్రకటించండి. ఫ్లాటు స్వాధీనం చేసినట్లు మాత్రం అగ్రిమెంటులో రాయించవద్దు. అలా రాస్తే దానికి సేల్ డీడుతో సమానంగా స్టాంపు సుంకం పడుతుంది.

ఇక మీరు ఎక్కువగా భయపడుతున్న రుణం విషయం. బ్యాంకు ఎందుకు కాదన్నది అనే దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. బ్యాంకు వకీలు లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) పరిశీలించి హక్కులో లోపం ఉందని చెప్పినా, అనుమతి పొందిన ప్లానుకు భిన్నంగా కట్టారని ఇంజినీరు నివేదిక ఇచ్చినా, ఆ లోపం యజమాని వైపుదే అవుతుంది. మామూలు పరిశీలనలో కొనుగోలుదారు కనిపెట్టలేని లోపాన్ని ముందే చెప్పవలసిన బాధ్యత చట్టం అమ్మేవారి మీదే పెట్టింది కనుక, అప్పుడు మీ అడ్వాన్సును ఆయన జప్తు చేసుకోవడం న్యాయం కాదు. అలా కాక, మీ ఆదాయం చాలదనో, పాత అప్పుల చెల్లింపులు సరిగా లేవనో రుణం నిరాకరిస్తే, ప్రస్తుత అగ్రిమెంటులోని షరతు మీకు అడ్డు వస్తుంది. అందుకే నిరాకరణకు కారణాన్ని బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. వీలైతే, రుణం మంజూరు కాకపోతే ఇన్ని రోజుల్లో అడ్వాన్సు తిరిగి ఇవ్వాలని ఒక అనుబంధ ఒప్పందం ఇప్పుడే రాయించుకోండి. సంబంధాలు బాగున్న ఈ సమయంలో అది సులభం, గొడవ మొదలయ్యాక యజమాని సంతకం చేయడు. జప్తు షరతు ఉన్నప్పటికీ, బయానాగా ఇచ్చిన సొమ్ముకూ ధరలో భాగంగా తర్వాత కట్టిన వాయిదాలకూ కోర్టులు తేడా చూస్తాయి. వాయిదాలను జప్తు చేసుకోవడం సాధారణంగా చెల్లదు.

రుణం వచ్చినా మొత్తం సొమ్ము రాదు. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహరుణాలకు ఆస్తి విలువలో 80 శాతం మించకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. 68 లక్షలకు అది 54.40 లక్షలు. మిగతా 13.60 లక్షలకు (మీరిచ్చిన 5 లక్షల అడ్వాన్సు ఇందులోదే) తోడు స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి తెలంగాణలో 7.5 శాతం చొప్పున 5.10 లక్షలు మీరే సమకూర్చుకోవాలి. ప్రభుత్వ మార్కెట్ విలువ ధర కంటే ఎక్కువగా ఉంటే సుంకం దాని మీదే లెక్కిస్తారు.

యజమాని అప్పు గురించి ఆయన బ్యాంకు నుంచి రెండు కాగితాలు తెప్పించండి: బాకీ మొత్తం తెలిపే లేఖ, బ్యాంకు దగ్గర ఉన్న అసలు దస్తావేజుల జాబితా. ఆ బాకీని మీ బ్యాంకు నేరుగా ఆ బ్యాంకుకే చెల్లించాలి తప్ప, తీర్చేస్తానన్న మాట మీద యజమాని చేతికి ఇవ్వవద్దు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలనీ, ఆలస్యానికి బ్యాంకే కారణమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలనీ రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. మీ 90 రోజుల లెక్కలో ఈ 30 రోజులకూ చోటు ఉంచుకోండి. దస్తావేజుల తాకట్టు పత్రం రిజిస్టరై ఉంటే, దాని విడుదల కూడా ఈసీలో కనిపించాలి.

ధర 50 లక్షలు దాటింది కాబట్టి ప్రతి చెల్లింపులోనూ ఒక శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించి ప్రభుత్వానికి కట్టే బాధ్యత మీదే. అడ్వాన్సులో ఆ 5,000 మినహాయించి ఉండకపోతే, వెంటనే ఆడిటరును కలిసి సరిచేసుకోండి. యజమాని విదేశంలో నివసించే వ్యక్తి అయితే మినహాయింపు రేటు చాలా ఎక్కువ. ఇంకొక్క రూపాయి ఇచ్చే ముందే అది తేల్చుకోవాలి. 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదుగా అడిగితే ఇవ్వవద్దు.

గడువు దగ్గర పడుతున్నా యజమాని వైపు కదలిక లేకపోతే, ఫోన్లతో కాలం గడపకండి. మిగతా సొమ్ముతో సిద్ధంగా ఉన్నామనీ, ఫలానా తేదీన సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి రమ్మనీ స్పీడ్ పోస్టులో లాయరు నోటీసు పంపండి. రేపు దావా వేయవలసి వస్తే, మీ వంతు నెరవేర్చడానికి మీరు మొదటి నుంచీ సిద్ధంగా, సుముఖంగా ఉన్నారని రుజువు చేసుకోవాలి. ఆ రుజువు ఈ నోటీసు, రుణ మంజూరు పత్రం, బ్యాంకు ఖాతా నిల్వలే. దావాకు కాలపరిమితి, ఒప్పందంలోని గడువు తేదీ నుంచి మూడేళ్లు. దావాలో రిజిస్ట్రేషన్‌తో పాటు, అది కుదరని పక్షంలో అడ్వాన్సు తిరిగి ఇప్పించమని కూడా తప్పక కోరండి; కోరకపోతే కోర్టు దాన్ని ఇప్పించజాలదు.

రిజిస్ట్రేషన్‌కు ముందు రోజు ఈసీ మరోసారి తీసి చూడండి. ఆస్తి పన్ను, కరెంటు బిల్లు, అపార్ట్‌మెంటు సంఘం బకాయిలు ఆ తేదీ వరకూ యజమానే చెల్లించినట్లు రసీదులు తీసుకోండి. సేల్ డీడులో భూమిలోని అవిభాజ్య వాటా, పార్కింగ్ స్థలం లింకు డాక్యుమెంట్లలో ఉన్నట్లే రాశారో లేదో సరిచూసుకున్న తర్వాతే చివరి చెక్కు అందజేయండి.