రెండోసారి కొన్నవాళ్లెవరు?

ప్రశ్న: బాబాయి గారికి నమస్తే. మాది ఒంగోలు దగ్గర పల్లె. బెంగళూరు మారతహళ్లిలో కింది పోర్షన్ అద్దెకు తీసుకుని పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నాను. వంటకు మా పిన్ని, ఇంకొకామె ఉన్నారు. ప్యాకింగ్‌కి ఒక అబ్బాయి. ఫోన్లు, లెక్కలు నావి. మావారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు సాయం పడతారు. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. పండగలకు ఊపిరాడదు, మామూలు రోజుల్లో చప్పగా ఉంటుంది. నెలకింత ఇస్తే ప్రకటనలు మేం చూసుకుంటామని ఒక ఏజెన్సీ అంటోంది. పది నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌లలో పెట్టమని స్నేహితులు అంటున్నారు. మనుషుల్ని పెంచాలా, బయటివాళ్లకు అప్పజెప్పాలా? మావారు ఉద్యోగం మానేస్తానంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, ఈ వారమే ఒక పూట తీరిక చేసుకుని మీ వాట్సాప్ చాట్లు ముందేసుకోండి. సంక్రాంతికి కొన్నవాళ్ల పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాయండి. వాళ్లలో ఉగాదిలోపు మళ్లీ కొన్నవాళ్లెవరో టిక్ పెట్టండి. మీ ప్రశ్నల్లో సగానికి జవాబు ఆ పేజీలోనే దొరుకుతుంది.

ఎందుకంటే లెక్క ఇలా ఉంటుంది. సీసా 300 రూపాయలకు అమ్మారనుకుందాం. సరుకుకు 120, సీసాకి, లేబుల్‌కి, అట్టపెట్టెకి 40, కొరియర్‌కి 60 పోతే మిగిలేది 80. ప్రకటన ద్వారా ఒక కొత్త మనిషిని తేవడానికి 150 ఖర్చయితే మొదటి అమ్మకంలో 70 నష్టం. ఆ మనిషే ప్రకటన లేకుండా మళ్లీ కొంటే పది రూపాయలు మిగులు, మూడోసారి కొంటే నికరంగా లాభం. టిక్కులు తక్కువగా ఉంటే ఏజెన్సీ ఎంత బాగా పనిచేస్తే మీకు అంత నష్టం. బాగానే ఉంటే ప్రకటనలు ఇవ్వండి, తప్పులేదు. ప్రకటనల ఖాతా, పేజీ, ఫోన్ నంబరు, ఫొటోలు మాత్రం మీ పేరు మీదే ఉండాలి. లైకులెన్నో, ఎంతమంది చూశారో చెబుతారు. మీరు అడగాల్సింది ఒక్కటే: ఒక్కో కొత్త కొనుగోలుదారుకి ఎంత పడింది?

రెండోసారి ఎందుకు కొనలేదో తెలియాలంటే ఫోన్ చేసి అడగాలి. ఆ పని మీదే. ప్యాకెట్ మీద ఫిర్యాదుల కోసం ఫోన్ నంబరు వేయాలని చట్టమే చెబుతోంది కదా, ఆ ఫోన్ మీ చేతిలోనే ఉంచుకోండి. సీసాలోంచి నూనె కారిందా, ఉప్పు ఎక్కువైందా, పిల్లలు తినలేకపోయారా, వాళ్లే చెబుతారు. అందుకే మనిషిని పెట్టుకోవాల్సి వస్తే మొదట ప్యాకింగ్ దగ్గర పెట్టండి, మీకు ఫోన్‌కి తీరిక దొరుకుతుంది. ఆవకాయ రోజుల్లో, ఏప్రిల్, మే నెలల్లో, కాయ కొట్టడానికి రోజుకూలికి మనుషులు చాలు. జీఎస్టీ లెక్కలు అకౌంటెంట్‌కి ఇచ్చేయండి. డెలివరీ, లేబుళ్ల ప్రింటింగ్ కూడా బయటివాళ్లే చేస్తారు.

రుచి మాత్రం బయటికి పోకూడదు. ఇక్కడే మీ వ్యాపారానికి అసలు గండం ఉంది. పిన్ని చేతి కొలత పిన్నికే తెలుసు. ఆవిడ ఊళ్లో పెళ్లికి వెళ్తే ఆ వారం కంది పొడి వేరేగా వస్తుంది, కొన్నవాళ్లు మీకు చెప్పకుండానే మానేస్తారు. ఆవిడని కొలత అడిగితే 'చూసి వేస్తానమ్మా' అంటుంది, అది నిజమే. కాబట్టి అడగొద్దు. వంటకు ముందు ఉప్పు డబ్బా, కారం డబ్బా తూకం వేయండి. వంటయ్యాక మళ్లీ తూయండి. తేడాయే ఆవిడ కొలత. నాలుగైదు వాయిలు అలా తూస్తే ఒక నికరమైన అంకె తేలుతుంది. పప్పు ఎంతసేపు వేగింది, మిరపకాయ ఏ రకం, ఏ రోజు చేశారు, ఎవరు చేశారు, అన్నీ ఒక కార్డు మీద రాసి ఆ బ్యాచ్ నంబరే లేబుల్ మీద వేయండి. అప్పుడు ఫలానా ప్యాకెట్ చేదుగా ఉందని ఫోన్ వస్తే, ఆ కార్డు తీస్తే మెంతులు మాడిన రోజు దొరుకుతుంది.

ఇక యాప్‌ల సంగతి. యాప్‌లో కొన్నవాళ్ల ఫోన్ నంబరు మీకు రాదు, పైన చెప్పిన పనంతా ఆగిపోతుంది. కమిషన్, డిస్కౌంట్లు, వాపసు సరుకు పోగా ఎంత మిగులుతుందో, డబ్బు ఎన్నాళ్లకు వేస్తారో రాతలో తీసుకోండి. చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, వెంటనే చేయించుకోండి. చిన్న తయారీదారు దగ్గర సరుకు కొన్నవాళ్లు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని చట్టం. పెట్టాలనిపిస్తే నిల్వ ఉండే రెండు పొడులతో మొదలుపెట్టండి. గోంగూర వద్దు.

మీ బెంగళూరులోనే ఐడీ ఇడ్లీ పిండి ఉంది చూడండి. 2005లో తిప్పసంద్రలో 50 చదరపు అడుగుల గదిలో మొదలైంది. ఇందిరానగర్ చుట్టుపక్కల ఇరవై షాపులకు వేసేవాళ్లు. రోజుకు వంద ప్యాకెట్లు అమ్మడానికి తొమ్మిది నెలలు పట్టిందని దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన ముస్తఫా గారు చాలా చోట్ల చెప్పారు. మీకూ మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ చాలు. అపార్ట్‌మెంట్లలో మన తెలుగువాళ్లున్నారు, పీజీ హాస్టళ్లలో మన పిల్లలున్నారు. కన్నడిగులకు చట్నీపుడి, అంటే వాళ్ల పొడి, రోజూ తినేదే, కాబట్టి లేబుల్ మీద కన్నడం కూడా వేయించండి. మీ పొడి వాళ్లకు కొత్తేం కాదు.

పీజీ పిల్లలు పావుకిలో సీసా కొనరు. నేను చెన్నై ప్యారిస్ కార్నర్‌లో హోల్‌సేల్ షాపులకు సరుకు వేసే పని చేసినవాణ్ణి, చిన్న ప్యాకెట్ బలం దగ్గరుండి చూశాను. సి.కె. రంగనాథన్ గారు 1983లో కడలూరులో 15 వేల రూపాయలతో మొదలుపెట్టిన చిక్ షాంపూ పల్లెలకు చేరింది సాషే, అంటే చిన్న ప్యాకెట్, వల్లే. ఊళ్లలో బడిపిల్లల తలకు అక్కడికక్కడే రుద్ది మరీ చూపించారు. మీరు 50 గ్రాముల పొడి ప్యాకెట్ చేయండి. ఆదివారం అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వేడన్నం, నెయ్యి పెట్టుకుని కూర్చోండి. ఒక ముద్ద తిన్నాక అడగక్కర్లేదు, వాళ్లే కొంటారు.

మీవారి ఉద్యోగం గురించి అడిగారు. ఇప్పుడే వద్దు. రానున్న ఆవకాయ సీజన్ అయ్యాక, జూన్, జూలై నెలల్లో, అంటే పండగలు పెద్దగా లేని రోజుల్లో, పాతవాళ్ల ఆర్డర్లతోనే అద్దె, పిన్ని జీతం, అబ్బాయి జీతం, ఇంటి ఖర్చు వెళ్తున్నాయా చూడండి. వెళ్తుంటే ఆయన్ని నిశ్చింతగా రమ్మనండి. వచ్చాక ఆయనకు షాపులకు సరుకు వేసే పని అప్పజెప్పండి, ఫోన్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.