పగలు పిల్లి, రాత్రి సింహం

ప్రశ్న: నేను 1996లో ఆరో తరగతి చదివేటప్పుడు మా చినమామ ఇంట్లో కేబుల్ ఉండేది. బడి నుంచి వచ్చి కార్టూన్ నెట్‌వర్క్ పెట్టుకుంటే, కాసేపటికే అది ఆగిపోయి, అదే నంబరులో నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా మొదలయ్యేది. ఈ సంగతి చెబితే మా అబ్బాయి నవ్వుతున్నాడు. అది కేబుల్ ఆపరేటర్ చేసిన పని అయి ఉంటుందని అంటున్నాడు. నిజమేమిటి?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: మీ జ్ఞాపకంలో పొరపాటేమీ లేదు. అలాగని మీ అబ్బాయిని తప్పు పట్టనక్కరలేదు. ఆ రోజుల్లో చోటు చాలక ఒకే నంబరు మీద పగలొక చానల్, రాత్రొక చానల్ వేసే ఆపరేటర్లు మన వైపు ఉండేవారు. కానీ మీరు చూసిన మార్పు ఆపరేటర్ చేతిలో జరిగింది కాదు, ఉపగ్రహం నుంచే అలా వచ్చేది. 1995 మే 1న మన దేశంలో ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు కార్టూన్ నెట్‌వర్క్ నిజానికి సగం చానల్ మాత్రమే. ఉదయం 5:30 నుంచి సాయంత్రం 5:30 వరకు కార్టూన్లు వచ్చేవి, అక్కడి నుంచి తెల్లవారే దాకా ఆ చోటు టీఎన్‌టీ అనే సినిమాల చానల్‌ది.

రెండూ అమెరికా టీవీ వ్యాపారి టెడ్ టర్నర్ సంస్థవే. ఆయన 1986లో హాలీవుడ్‌కు చెందిన ఎంజీఎంను కొన్నారు. అప్పుల భారం వల్ల కొద్ది నెలలకే స్టూడియోను తిరిగి అమ్మేసినా, దాని పాత సినిమాల మీద హక్కులను మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు. టామ్ అండ్ జెర్రీ అందులోవే. ఆ పిల్లినీ ఎలుకనూ 1940లో తెరకెక్కించిన విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా, ఎంజీఎం తన కార్టూన్ విభాగాన్ని మూసివేసిన 1957లోనే సొంత సంస్థ పెట్టుకుని, ఫ్లింట్‌స్టోన్స్, స్కూబీ డూ వంటి వాటిని టెలివిజన్ కోసమే తయారు చేశారు. 1991లో టర్నర్ ఆ సంస్థను కూడా కొనేసరికి, ఆ ఇద్దరూ పాత యజమాని దగ్గర తీసినవీ, సొంతంగా తీసినవీ మళ్లీ ఒకే గిడ్డంగికి చేరాయి. 1992 అక్టోబర్ 1న అమెరికాలో ఈ చానల్ పుట్టేనాటికి, కొత్తగా ఒక్క బొమ్మ గీయించనక్కర లేకుండానే రోజంతా నింపడానికి సరిపడా సరుకు చేతిలో ఉంది. ఈ చానల్ పుట్టుకకు పిల్లల మీద ప్రేమ కన్నా ఆ గిడ్డంగే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఆ గిడ్డంగి సంగతి తెలియక మేము మోసపోయిన తీరు ఇప్పటికీ నాకు నవ్వు తెప్పిస్తుంది. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా మేనత్త ఇంట్లో, మా వైపు మాటలో చెప్పాలంటే గుంటలందరం, తలుపు దగ్గర విప్పిన చెప్పులు ఎవరివో తెలియనంతగా పోగై టీవీ ముందు కూర్చునేవాళ్లం. టామ్ అండ్ జెర్రీ ప్రతి కథకూ ముందు ఎంజీఎం వారి సింహం తల తిప్పి గర్జిస్తుంది గదా! సాయంత్రం అయిదున్నరకు కూడా అదే సింహం గర్జించేది. ఇంకో కథ వస్తోందని మేము సర్దుకుని కూర్చుంటే, తెర మీదకు కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకరు వచ్చి సిగరెట్టు వెలిగించుకునేవాడు. పిల్లికీ పెద్దమనిషికీ సింహం ఒకటే ఎందుకైందో నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు. ఆ సింహం వచ్చిందంటే మా అత్త, "ఇక చాలు, పుస్తకాలు తీయండి" అనేది.

సరిగ్గా అయిదున్నరే ఎందుకన్న సందేహం కూడా మీకు కలిగి ఉండవచ్చు. మన 5:30కి గ్రీన్‌విచ్ గడియారం ప్రకారం పన్నెండు గంటలవుతుంది. ఇతర దేశాలతో పాటు మనకూ చేరిన ప్రసారం గనుక, ఆ గడియారాన్ని బట్టే రోజును రెండు ముక్కలు చేసి ఉంటారని నా ఊహ. ఏమైనా, బడి వదిలి ఇల్లు చేరేసరికి నాలుగున్నర దాటే మన పిల్లలకు మిగిలింది గంట కన్నా తక్కువే. మే నెలలో మొదలైంది కాబట్టి తొలి వేసవి సెలవులు మాత్రం దక్కాయి. తరువాత కార్టూన్ల వేళను రాత్రి వరకు పొడిగించారు, టీఎన్‌టీ స్థానంలో టీసీఎం అనే మరో సినిమాల చానల్ వచ్చింది, 2001లో కార్టూన్ నెట్‌వర్క్ ఇరవై నాలుగు గంటల చానల్ అయింది.

ప్రశ్న: 2010 ప్రాంతంలో మా ఇంట్లో ఈ చానల్ హిందీలో వచ్చేది. అదే కార్టూన్ విశాఖలో మా అక్క వాళ్లింట్లో డిష్ మీద తెలుగులో వినిపించేది. రెండూ వేర్వేరు చానళ్లా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: చానల్ ఒకటే, బొమ్మా ఒకటే. మొదట్లో ఈ చానల్‌కు ఇంగ్లీషు తప్ప వేరే భాష లేదు. 1990ల చివరలో హిందీ డబ్బింగు వచ్చింది, తమిళం, తెలుగు ఆ తరువాత చేరాయి. ఉపగ్రహం నుంచి ఒక బొమ్మతో పాటు నాలుగైదు భాషల ధ్వనులు విడివిడిగా పంపవచ్చు. మీ అక్కగారి ఇంట్లో సెట్‌టాప్ బాక్స్ ఉంది కాబట్టి, రిమోట్ మీద భాష బటన్ నొక్కి తెలుగును ఎంచుకునే వీలు వారికి ఉండేది. పాత కేబుల్ పద్ధతిలో ఆ ఎంపిక ఆపరేటర్ కంట్రోల్ రూములోని రిసీవర్ దగ్గరే జరిగిపోయేది. ఆయన ఏ భాష పెడితే ఊరంతటికీ అదే భాష. కేబుల్‌ను డిజిటల్‌గా మార్చడం 2012లో మహానగరాలతో మొదలై, రెండో విడతగా 2013లో విశాఖకు వచ్చి, ఆ తరువాతి విడతల్లో గాని మన చిన్న పట్టణాలకు చేరలేదు. మీ పిల్లలకు తెలుగు ఆలస్యంగా అందడానికి డబ్బింగు చెప్పేవారు లేకపోవడం కారణం కాదన్నమాట. ఈలోగా 2009లో సన్ నెట్‌వర్క్ వారి ఖుషీ టీవీ మొదలు కావడంతో, ఏ బటనూ నొక్కకుండానే తెలుగు మాట్లాడే పిల్లల చానల్ ఒకటి వచ్చింది.

టామ్ అండ్ జెర్రీకి మాత్రం ఈ బాధ లేకపోయింది. పెనంతో మొహం మీద కొడితే వచ్చే చప్పుడు ఏ భాషలోనైనా ఒకటే గదా.

ప్రశ్న: ఛోటా భీమ్ కూడా కార్టూన్ నెట్‌వర్క్ వారిదేనా? ఢోలక్‌పూర్ ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, ఇచ్ఛాపురం

జవాబు: ఢోలక్‌పూర్ కల్పిత రాజ్యం, ఏ పటంలోనూ దొరకదు. ఛోటా భీమ్ 2008లో పోగో చానల్‌లో మొదలైంది. 2004 జనవరి 1న ఆరంభమైన పోగో, కార్టూన్ నెట్‌వర్క్‌కు తోబుట్టువు వంటిది. రెండూ ఒకే సంస్థవి కావడం వల్ల చాలామంది మీలాగే పొరబడుతుంటారు. భీముణ్ణి తయారు చేసింది రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్, అది మన హైదరాబాదు సంస్థ. అంతకు ముందే, 2003లో, కార్టూన్ నెట్‌వర్క్‌లో మన తెనాలి రామకృష్ణుని కథలు బొమ్మల రూపంలో వచ్చాయి. వాటిని తీసింది తిరువనంతపురంలోని టూంజ్ వారు. తెనాలివాడికి మలయాళ దేశంలో బొమ్మ గీశారు, ఢోలక్‌పూర్ వాడికి హైదరాబాదులో గీశారు.